అమెరికాలో ఆదాయాలు పెరిగాయంటారు, బతుకు భారమైందంటారు: రెండూ ఎలా నిజమవుతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమెరికా తలసరి ఆదాయం 80 వేల డాలర్లు దాటింది. అక్కడున్న మీ బంధువుల ఇంటికి వెళ్తే రెండు కార్లు, నాలుగు పడగ్గదులు కనబడ్డాయి. వార్తలు చూస్తే మాత్రం అద్దె కట్టలేనివాళ్లు, ఆసుపత్రి బిల్లుతో అప్పులపాలైనవాళ్లు. నలభై ఏళ్ల కిందటితో పోలిస్తే అక్కడి మామూలు కుటుంబం బాగుపడిందా, చితికిపోయిందా? ఎవరి లెక్క నమ్మాలి?

సూటిగా చెప్పాలంటే: ధరల పెరుగుదల తీసేసి చూసినా మామూలు కుటుంబం ఆదాయం పెరిగింది. టీవీ, ఫోను, బట్టలు, బొమ్మలు చవకయ్యాయి. కానీ ఇల్లు, వైద్యం, పసిపిల్లల డేకేర్, కాలేజీ చదువు చాలా కుటుంబాలకు ఆదాయం కంటే వేగంగా పెరిగాయి. ఈ నాలుగింటినీ వాయిదా వేసుకోవడానికి ఉండదు. అందుకే ఇంట్లో వస్తువులు నిండుగా ఉంటాయి, బ్యాంకులో డబ్బు నిలవదు. దేశం సంపాదించిన అదనపు సొమ్ములో పెద్ద వాటా పైవాళ్లకు చేరింది. పైకీ కిందికీ మధ్య దూరం పెరగడంతో పాటు, కింద ఉన్నవాళ్లకు ఒక్క నెల తారుమారైతే తట్టుకునే శక్తి తగ్గింది. కుటుంబాల పన్ను కాగితాలు, నెల బిల్లులు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఇది స్పష్టంగా కనబడుతుంది.

ముందు సగటు సంగతి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్లకోసారి కుటుంబాల ఆస్తిపాస్తుల మీద సర్వే చేస్తుంది. 2022 సర్వేలో అప్పులు పోగా కుటుంబం సగటు ఆస్తి సుమారు 10 లక్షల 63 వేల డాలర్లు. అదే సర్వేలో, కుటుంబాలన్నిటినీ ఆస్తి వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమికి వచ్చే కుటుంబానికి ఉన్నది 1 లక్షా 93 వేలు. ఒకే దేశం, ఒకే ఏడాది, ఒకే సర్వే. మొదటి అంకె చూస్తే అందరూ మిలియనీర్లే అనిపిస్తుంది. పైనున్న కొద్దిమంది ఆస్తి సగటును అంత ఎత్తుకు లాగింది. ఆస్తి మొత్తంలో పైనున్న 1 శాతం కుటుంబాల చేతిలో సుమారు 30 శాతం ఉంటే, కింది సగం కుటుంబాలన్నీ కలిపినా రెండున్నర శాతం దగ్గరే ఉంది.

అదే సర్వేలో ఇంకో జత అంకెలు ఉన్నాయి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేవి ఇవే. సొంత ఇల్లున్నవాళ్లలో నడిమి కుటుంబం ఆస్తి 3 లక్షల 96 వేల డాలర్లు. అద్దెకుండేవాళ్లలో నడిమి కుటుంబం ఆస్తి 10,400. దాదాపు 38 రెట్లు. అద్దెకుండేవాళ్లలో వయసులో చిన్నవాళ్లు ఎక్కువ కాబట్టి కొంత తేడా సహజమే. అది తీసేసినా ఇది మామూలు దూరం కాదు.

మీ బంధువుల ఇల్లు చూసి దేశాన్ని అంచనా వేయకూడదనడానికి కారణం కూడా చెప్పాలి. 2023లో దేశం మొత్తంలో నడిమి కుటుంబం ఏడాది ఆదాయం 80,610 డాలర్లు. భారతీయ మూలాలున్న వ్యక్తి ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాల్లో అది లక్షన్నర దాటింది. మనవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ, ఆపై మాస్టర్స్ చేసి, వీసా నిబంధనల వడపోత దాటి, ఎక్కువ జీతాల రంగాల్లోకి వెళ్లినవాళ్లు. మనకు కనబడేది అమెరికా పై మెట్టు. ఆ ఇంటికి పార్సిల్ తెచ్చిచ్చే మనిషి, వాళ్ల పిల్లల్ని చూసుకునే డేకేర్ ఆయా, తాతగారిని వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లే నర్సింగ్ సహాయకురాలు, వీళ్ల లెక్క వేరు.

ఒక ఇంటి కాగితం విప్పి చూద్దాం

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. టెక్సస్‌లో డాలస్ శివారు. భర్తకు గిడ్డంగిలో పని, గంటకు 22 డాలర్లు. ఏడాదికి 2,080 గంటలు, అంటే 45,760. భార్య దుకాణంలో వారానికి 20 గంటలు, గంటకు 15 డాలర్లు, 50 వారాలకు 15,000. ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు. ఇద్దరి సంపాదన 60,760. 2024లో నలుగురి కుటుంబానికి ప్రభుత్వ పేదరిక గీత 31,200. వీళ్లు దానికి దాదాపు రెండింతల ఎత్తులో ఉన్నారు. ఏ లెక్కలోనూ పేదలు కారు.

ఇప్పుడు 2024 పన్ను సంవత్సరం కోతలు. కంపెనీ ద్వారా కుటుంబ ఆరోగ్య బీమా తీసుకుంటే ఆ ఏడాది ఉద్యోగి వాటా దేశ సగటున 6,296 డాలర్లు. అది పన్నుకు ముందే జీతంలోంచి పోతుంది. మిగిలిన 54,464 మీద సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కోతలు కలిపి 7.65 శాతం, అంటే 4,166. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కేంద్ర ఆదాయపు పన్నుకు 29,200 మినహాయింపు తీసేస్తే 25,264 మిగులుతుంది. దాని మీద పన్ను 2,568. ఇద్దరు పిల్లలకు 4,000 క్రెడిట్ (పన్నులోంచి నేరుగా తగ్గించే మొత్తం) ఉంది కాబట్టి పన్ను సున్నా అయి, 1,432 తిరిగొస్తుంది. తక్కువ జీతాల కుటుంబాలకిచ్చే సంపాదన క్రెడిట్ కింద ఇంకో 1,730 దాకా వస్తుంది.

ఏడాదికోసారి తిరిగొచ్చే ఈ రిఫండ్ కాకుండా, నెలకు చేతికొచ్చేది సుమారు 4,190. ఖర్చులు ఊరిని బట్టి మారతాయి. ఈ ఇంటికి ఇలా వేసుకుందాం: రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్ 1,600. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లు 380. రెండు పాత కార్ల వాయిదా, బీమా, పెట్రోలు 900. తిండికి, ఫుడ్ స్టాంపుల (పేదలకు తిండి కొనుక్కోవడానికి ఇచ్చే సాయం) కోసం ప్రభుత్వమే లెక్కకట్టిన అతి పొదుపు ప్రణాళిక ప్రకారం నలుగురికి 975. మొత్తం 3,855. మిగిలింది 335.

ఈ 335లోంచే బట్టలు, స్కూలు సామాను, డాక్టరు దగ్గర కట్టే సొమ్ము, టైర్లు, ఊరికి వెళ్లే టికెట్లు. డేకేర్ ఇంకా వేయలేదు. మూడేళ్ల బాబును నెలకు 1,000 డాలర్ల డేకేర్‌లో వేస్తే, కోత పోగా భార్య జీతం నెలకు సగటున 1,154. పెట్రోలు ఖర్చు కూడా తీసేస్తే ఆమె పనికి వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే. అందుకే ఇలాంటి ఇళ్లలో భర్త పగటి షిఫ్టు, భార్య సాయంత్రం షిఫ్టు చేస్తారు. అపార్ట్‌మెంట్ కార్ల పార్కింగులోనే పిల్లాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారతాడు. వారంలో అందరూ కలిసి భోంచేసే పూట ఆదివారం ఒక్కటే కావచ్చు. జీవన ప్రమాణం అనే మాటకు ఏ పట్టికలోనూ ఈ సంగతి ఎక్కదు.

ఈ కాగితంలో జరిగే పొరపాట్లు రెండు చెబుతాను. పన్ను దాఖలు చేసిపెట్టే దుకాణాలు రిఫండ్‌ను ముందే ఇస్తామని ఫీజు గుంజుకుంటాయి. సంపాదన క్రెడిట్ ఉన్న రిఫండ్‌ను ఫిబ్రవరి మధ్య దాకా విడుదల చేయకూడదని చట్టమే ఉంది. ఆ మూడు నాలుగు వారాల ఆగలేనితనం మీదే ఆ వ్యాపారం నడుస్తుంది. ఏడాదికి సుమారు 67 వేల (2025 నాటి హద్దు) లోపు సంపాదించేవాళ్లకు వీటా అనే కార్యక్రమం కింద, ఆదాయపు పన్ను శాఖ శిక్షణ ఇచ్చిన వాలంటీర్లు గ్రంథాలయాల్లోనో కమ్యూనిటీ కేంద్రాల్లోనో ఉచితంగా చేసిపెడతారు. రెండోది, పిల్లల బీమా. టెక్సస్‌లో చిప్ అనే పిల్లల ఆరోగ్య పథకం పేదరిక గీతకు సుమారు రెండింతల ఆదాయం దాకా వర్తిస్తుంది. ఈ ఇంటి పిల్లలకు అది దొరికే అవకాశం ఉంది. మనం పేదలం కాదు కదా అని చాలామంది దరఖాస్తే చేయరు.

జీతం పెరిగితే ఎంత చేతికొస్తుంది

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈ కుటుంబానికి జీతం ఇంకో 1,000 డాలర్లు పెరిగిందనుకోండి. 7.65 శాతం కోత 76. ఆదాయపు పన్ను 12 శాతం శ్లాబులో ఉంది కాబట్టి 120. ఆదాయం పెరిగిన కొద్దీ సంపాదన క్రెడిట్ డాలరుకు 21 సెంట్లు తగ్గుతుంది కాబట్టి 210. మొత్తం 406 పోయి చేతికి 594 వస్తుంది. పెంపు ఇంకాస్త పెద్దదై పిల్లలు చిప్ హద్దు దాటితే పెరిగిన జీతమంతా బీమాకే పోవచ్చు.

దీని పక్కన ఇంకో ఇల్లు పెట్టండి. ఒకరే సంపాదిస్తూ ఏడాదికి 2 లక్షల 40 వేల జీతం ఉన్న దంపతులు. అదనపు 1,000 మీద వాళ్ల శ్లాబు 24 శాతం. సోషల్ సెక్యూరిటీ కోత 2024లో 1,68,600 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ 6.2 శాతం లేదు. మెడికేర్ 1.45 శాతం ఉంది. మొత్తం పోయేది 254. ఇంకా పైకి వెళ్తే సంపాదన జీతం రూపంలో ఉండదు. షేర్ల విలువ ఎంత పెరిగినా అమ్మేదాకా పన్ను లేదు. ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే రేటు ఎక్కువలో ఎక్కువ 20 శాతం, దాని మీద 3.8 శాతం అదనం. అమ్మకుండానే చనిపోతే వారసులకు కొనుగోలు ధరను ఆ రోజు మార్కెట్ ధరగా లెక్కిస్తారు. అప్పటిదాకా పెరిగిన విలువ మీద ఆదాయపు పన్ను ఎప్పటికీ పడదు.

మొత్తం మీద పెద్ద ఆదాయాలవాళ్లు ఎక్కువ శాతమే పన్ను కడతారు, అది నిజం. నేను చెప్పేది మెట్టు ఎక్కడం గురించి. కింద నుంచి ఒక మెట్టు ఎక్కాలనుకునేవాడి మీద పడే కోత, పైనున్నవాడి అదనపు సంపాదన మీద పడే కోత కంటే బరువుగా ఉంది. కష్టపడితే పైకి రావచ్చన్న నమ్మకం మీద నిలబడ్డ దేశానికి ఇది పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం.

ఇల్లు: ఎప్పుడు కొన్నారన్నదే అసలు ప్రశ్న

4 లక్షల డాలర్ల ఇల్లు తీసుకుందాం. 20 శాతం ముందు కట్టి, 3,20,000 అప్పు, 30 ఏళ్ల స్థిర వడ్డీ. 2021 జనవరిలో వారపు సగటు వడ్డీ రేటు 2.65 శాతానికి దిగింది. అప్పుడు నెల వాయిదా సుమారు 1,290. 2023 అక్టోబరులో రేటు 7.79 శాతం దాకా వెళ్లింది. అదే అప్పుకు వాయిదా సుమారు 2,300. ఇల్లు మారలేదు, జీతం మారలేదు, వాయిదాలో నెలకు వెయ్యి డాలర్లకు పైగా తేడా. పైగా ఈ దాదాపు మూడేళ్లలో ఇళ్ల ధరలూ పెరిగాయి కాబట్టి నిజమైన తేడా ఇంకా ఎక్కువ.

స్థిర వడ్డీ కాబట్టి పాత రేటు దొరికినవాళ్లకు 30 ఏళ్లూ అదే. వాళ్లు ఇల్లు అమ్మి ఇంకోటి కొంటే కొత్త రేటు కట్టాలి కాబట్టి అమ్మరు. అమ్మేవాళ్లు తగ్గితే మార్కెట్లో ఇళ్లు తగ్గి ధర దిగదు. ఒకే వీధిలో ఒకే జీతంతో ఉన్న రెండు కుటుంబాల్లో ఒకటి ఆస్తి కూడబెడుతూ, ఇంకొకటి అద్దె పెంపు నోటీసు కోసం భయపడుతూ ఉండటానికి తెలివితేటలతో సంబంధం లేదు.

అమెరికాలో ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటితే భారం అని లెక్క. అద్దెకుండే కుటుంబాల్లో దాదాపు సగం ఆ గీత దాటిపోయాయి. 2022లో ఆ సంఖ్య 2 కోట్ల 24 లక్షల కుటుంబాలు. పైన చెప్పిన డాలస్ ఇల్లు కూడా మొత్తం జీతంలో దాదాపు 32 శాతం అద్దెకే ఇస్తోంది. బడి విషయం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. ప్రభుత్వ బడుల నిధుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. మంచి బడి ఉన్న చోట ఇళ్ల ధర ఎక్కువ, ధర ఎక్కువున్న చోట బడికి డబ్బు ఎక్కువ.

వైద్యం: బీమా ఉన్నా ఎందుకు భయం

2024లో కంపెనీ ద్వారా తీసుకునే కుటుంబ బీమా మొత్తం ప్రీమియం దేశ సగటున 25,572 డాలర్లు. ఉద్యోగి వాటా పోను మిగతాది కంపెనీ కడుతుంది. కంపెనీకి అది కూడా జీతం ఖర్చే. జీతాలు అంతగా ఎందుకు పెరగలేదంటే, పెరగాల్సిన దాంట్లో కొంత ఈ ప్రీమియంలోకి వెళ్లిపోయింది. కాగితం మీద ఉద్యోగి మీద పెట్టే ఖర్చు పెరిగినట్టే ఉంటుంది, అతని బ్యాంకు ఖాతాలో ఆ పెరుగుదల కనబడదు.

బీమా ఉన్నా డిడక్టబుల్ అనే మొత్తం సొంత జేబులోంచి కట్టాకే బీమా కంపెనీ కట్టడం మొదలుపెడుతుంది. కుటుంబం ఒక ఏడాదిలో కట్టాల్సిన గరిష్ఠ మొత్తానికి 2024లో చట్టం పెట్టిన హద్దు 18,900. నెలకు 335 మిగిలే ఇంటికి ఆ హద్దు ఏమాత్రం రక్షణ? అందులోనూ ఆ హద్దు బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే దానితో ఒప్పందంలో ఉన్న ఆసుపత్రులకే వర్తిస్తుంది.

ఉద్యోగం పోతే బీమా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద మామూలుగా 18 నెలల దాకా అదే బీమా కొనసాగించుకోవచ్చు, కానీ కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, దాని మీద 2 శాతం మీరే కట్టాలి. సగటు ప్రీమియం మీద అది నెలకు 2,170 డాలర్లు, అదీ జీతం ఆగిపోయిన నెలలో. ఆచరణలో ఉపయోగపడే సంగతి: కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంది, ఎంచుకున్నాక బీమా పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, ఆ రోజుల ప్రీమియం కట్టాలి. ప్రభుత్వ బీమా మార్కెట్లో చేరడానికీ 60 రోజులే. చాలామంది రెండో గడువు మరిచిపోయి ఏడాది చివరి దాకా బీమా లేకుండా ఉండిపోతారు.

లాభాపేక్ష లేని ఆసుపత్రులు చట్టప్రకారం పేద రోగులకు ఆర్థిక సహాయ విధానం ఒకటి పెట్టాలి, మొదటి బిల్లు వచ్చాక 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. బిల్లు రాగానే క్రెడిట్ కార్డు మీద కట్టేస్తే ఆసుపత్రి బాకీ కాస్తా కార్డు అప్పుగా మారి వడ్డీ మొదలవుతుంది. ముందు ఆ దరఖాస్తు అడగాలి.

ఈ తేడా ఆయుష్షులో తేలుతుంది. 2001 నుంచి 2014 దాకా పన్ను, మరణాల రికార్డులు కలిపి చూసిన పరిశోధనలో, ఆదాయంలో పైనున్న 1 శాతం మగవాళ్లు అట్టడుగు 1 శాతం మగవాళ్ల కంటే 14.6 ఏళ్లు ఎక్కువ బతుకుతారని తేలింది. ఆడవాళ్లలో ఆ తేడా 10.1 ఏళ్లు.

రాష్ట్రం మారితే బతుకు మారుతుంది

కేంద్ర కనీస వేతనం 2009 జులై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. టిప్పుల మీద బతికే హోటల్ పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కనీసం 2.13, అది 1991 నాటిది. టెక్సస్ ఈ కేంద్ర వేతనాన్నే పాటిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2024లో 16.28.

7.25 చొప్పున ఏడాదంతా ఒక్క గంట కూడా మానకుండా పనిచేస్తే 15,080 డాలర్లు. 2024లో ఒంటరి మనిషికి పేదరిక గీత 15,060. తేడా ఇరవై డాలర్లు. ఆ ఇరవై డాలర్లకు ఎంత విలువుందో చూడండి. టెక్సస్ ఆరోగ్య సంస్కరణ చట్టం (ఒబామాకేర్) కింద మెడికెయిడ్‌ను, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమాను విస్తరించలేదు. పిల్లలు లేని, వైకల్యం లేని పెద్దలకు అక్కడ మెడికెయిడ్ దొరకదు. పేదరిక గీతకు పైన ఉంటే మార్కెట్ బీమాకు సబ్సిడీ వస్తుంది. దరఖాస్తులో రాసే అంచనా ఆదాయం గీత కిందికి వస్తే సబ్సిడీ కూడా రాదు. ఏడాదిలో వారం రోజులు పని దొరకదని రాసినవాడు, గీత పైనున్నవాడి కంటే పేదవాడై ఉండీ ఏ సాయానికీ నోచుకోడు. అదే మనిషి మెడికెయిడ్ విస్తరించిన రాష్ట్రంలో ఉంటే బీమా దొరుకుతుంది.

రాష్ట్రాల మధ్య ధరలూ ఒకటి కావు. కాలిఫోర్నియాలో దేశ సగటు కంటే పది శాతానికి పైగా ఎక్కువ, మిసిసిపీలో పది శాతానికి పైగా తక్కువ. అందుకే 60 వేల జీతం అన్న మాటకు ఊరి పేరు చెప్పకపోతే అర్థం లేదు. మనం రూపాయల్లోకి మార్చేటప్పుడు మారకపు రేటుతో గుణించడం కూడా తప్పే. కొనుగోలు శక్తి లెక్కలో డాలరు 20 రూపాయల చుట్టూ ఉంటుంది. అంటే ఆ డాలస్ కుటుంబం ఇక్కడ ఏడాదికి 12 లక్షలు సంపాదించే ఇంటికి దగ్గర. ఇదీ స్థూలమైన లెక్కే, ఎందుకంటే ఇక్కడ తక్కువ డబ్బుకు దొరికే పనిమనిషి, ఆటో, దగ్గర్లో ఉండి పిల్లల్ని చూసే అమ్మమ్మ అక్కడ లెక్కలోకి రారు.

ఇలా ఎందుకైంది

ఒక్క కారణం చెప్పేవాళ్లను నమ్మకండి. ఫ్యాక్టరీ ఉద్యోగాలు 1979లో ఒక కోటి 95 లక్షలు ఉండేవి. 2010 నాటికి కోటీ 15 లక్షలకు పడిపోయాయి. యంత్రాలు కొంత కారణం, 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక పెరిగిన దిగుమతులు కొంత. దెబ్బ దేశమంతా సమానంగా పడలేదు. ఫర్నిచర్, బట్టల మిల్లుల మీద బతికిన ఊళ్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. కార్మిక సంఘాల్లో సభ్యులు 1983లో 20.1 శాతం, 2024లో 9.9 శాతం. పైశ్లాబు ఆదాయపు పన్ను 1980లో 70 శాతం, 1988 నాటికి 28, ఇప్పుడు 37. కంపెనీ జీవితాంతం ఇచ్చే పెన్షన్ల స్థానంలో ఉద్యోగి తన జీతంలోంచి పొదుపు చేసుకునే 401(కె) అనే పదవీ విరమణ ఖాతాలు వచ్చాయి. పొదుపు చేయగలిగినవాడికి అవి పెరిగాయి, నెలకు 335 మిగిలేవాడికి ఆ ఖాతా ఖాళీగానే ఉంటుంది.

పంపకం ఎంత ముఖ్యమో చెప్పే పరిశోధన ఒకటుంది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం, పిల్లలు ముప్పై ఏళ్ల వయసులో అదే వయసులో తమ తల్లిదండ్రుల కంటే ఎక్కువ సంపాదించారా అని చూసింది. 1940లో పుట్టినవాళ్లలో 90 శాతం మంది ఎక్కువ సంపాదించారు. 1980ల్లో పుట్టినవాళ్లలో సగం మందే. ఆ తరువాత వాళ్లు వేసిన లెక్క ఇంకా ముఖ్యం: వృద్ధి రేటును మాత్రమే పాత స్థాయికి పెంచితే ఈ పతనంలో మూడో వంతు కూడా పూడదు. ఇప్పుడున్న వృద్ధినే 1940 తరానికి పంచినట్టు పంచితే మూడింట రెండు వంతులకు పైగా పూడుతుంది.

నిపుణుల్లో వాదన ఉన్న చోటు

అసమానత ఎంత పెరిగిందన్న దాని మీద గట్టి పేచీ ఉంది, దాచకూడదు. ఆర్థికవేత్తలు పికెటీ, సాయెజ్, జుక్మన్ లెక్కల్లో 1980 నుంచి పై 1 శాతం వాటా బాగా పెరిగింది. ఆటెన్, స్ప్లింటర్ అనే ఆర్థికవేత్తలు పన్నులు, ప్రభుత్వ సాయాలు కలిపి, పన్ను కాగితాల్లో కనబడని ఆదాయాన్ని వేరే పద్ధతిలో పంచి చూసి, పన్ను తరువాత ఆ వాటా 1960ల నుంచి పెద్దగా మారలేదన్నారు. గొడవంతా ఎవరూ రిపోర్టు చేయని ఆదాయాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్న దాని మీద. నా ఉద్దేశంలో ఆదాయంలో వాటా మీద వాదన నడవొచ్చు గానీ, ఆస్తిలో తేడా, ఆయుష్షులో తేడా, పై ఇంటి నెల బిల్లు మీద వాదనకు చోటు లేదు.

అన్నీ దిగజారాయనడం కూడా తప్పు. మధ్యతరగతి కుంచించుకుపోయిందనే అంకె చూడండి: 1971లో పెద్దల్లో 61 శాతం మధ్య ఆదాయ కుటుంబాల్లో ఉండేవాళ్లు, 2023లో 51 శాతం. తగ్గినవాళ్లలో ఎక్కువమంది పైకే వెళ్లారు. పై వర్గం 11 నుంచి 19 శాతమైంది, కింది వర్గం 27 నుంచి 30. కరోనా తరువాత మనుషులు దొరక్క యజమానులు పోటీపడినప్పుడు అట్టడుగు జీతాలే అన్నిటికంటే వేగంగా పెరిగాయి. 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం అందులో కొంత తినేసింది.

2021లో ప్రభుత్వం పిల్లల క్రెడిట్‌ను పెంచి, అందులో సగాన్ని జులై నుంచి నెలనెలా బ్యాంకులో వేసింది. సాయాలన్నీ కలిపి చూసే అనుబంధ కొలమానంలో పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి దిగింది. పథకం ఆపేశాక 2022లో 12.4 శాతానికి ఎగిరింది. పేదరికం ఎవరి చేతిలోనూ లేని విధిరాత అనేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించాలి.

అంకె కనబడితే ఏం అడగాలి

సగటా, నడిమి విలువా? మనిషికా, కుటుంబానికా? కుటుంబాలు చిన్నవవుతున్న దేశంలో ఈ రెండూ వేరే కథ చెబుతాయి. పన్నుకు ముందా, తరువాతా? ఆదాయమా, ఆస్తా? పేదరికం అంటే ఏ గీత? అధికారిక గీతను 1963లో మోలీ ఒర్షాన్‌స్కీ అనే ప్రభుత్వ అధికారిణి తయారుచేశారు. అప్పట్లో కుటుంబం ఖర్చులో మూడో వంతు తిండికి పోయేది కాబట్టి పొదుపు తిండి ఖర్చును మూడుతో గుణించారు. నేటికీ ఆ గీతను ధరల మేరకు పెంచుతున్నారే తప్ప, అద్దె, డేకేర్, వైద్యం తిండిని మింగేసిన సంగతి అందులో లేదు. ఫుడ్ స్టాంపులు, పన్ను క్రెడిట్లు కూడా అందులో కలపరు. ఒక కుటుంబానికి ఒక ఊళ్లో నిజంగా ఎంత కావాలో చూడాలంటే ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ల లివింగ్ వేజ్ కాలిక్యులేటర్‌లో జిల్లా పేరు, పిల్లల సంఖ్య ఎంచుకోండి. దాన్ని ఆ ఊళ్లో దొరికే జీతాలతో పోల్చండి.

చివరగా, 335 మిగిలే ఇంట్లో కారు పాడైతే ఏమవుతుందో చెప్పాలి, ఎందుకంటే ఆ ఊళ్లలో చాలాచోట్ల కారు లేకపోతే ఉద్యోగమే లేదు. 500 డాలర్లు కావాలి. వచ్చే జీతం మీద అప్పిచ్చే పేడే లోన్ దుకాణంలో వందకు 15 డాలర్ల ఫీజు అనుకుంటే రెండు వారాలకు 75. ఏడాది వడ్డీ లెక్కలో అది 390 శాతం. రెండు వారాల్లో 575 కట్టలేక ఫీజు మాత్రం కట్టి పొడిగించుకుంటారు. ఎనిమిది సార్లు పొడిగిస్తే 600 ఫీజు పోయి, అసలు 500 అలాగే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉన్న చాలా క్రెడిట్ యూనియన్లు (సభ్యులే యజమానులుగా ఉండే సహకార బ్యాంకులు) ఇదే అవసరానికి 28 శాతం వడ్డీ మించని చిన్న అప్పులిస్తాయి, దరఖాస్తు ఫీజు 20 డాలర్లు మించదు. అక్కడ ఉండే మనవాళ్లెవరైనా చదువుతుంటే, ముఖ్యంగా క్యాంపస్ బయట చిన్న పనులతో నెట్టుకొచ్చే విద్యార్థులు, అవసరం రాకముందే అలాంటి దాంట్లో సభ్యత్వం తీసుకోండి. కొన్నిచోట్ల సభ్యుడై నెల దాటితే గానీ ఈ అప్పు ఇవ్వరు.

మీరు మళ్లీ మీ బంధువులతో మాట్లాడినప్పుడు జీతం ఎంతని అడగకండి. ఇల్లు ఏ ఏడాది కొన్నారో, ఎంత వడ్డీకి కొన్నారో అడగండి. ఆ తరువాత అదే వీధిలో నిరుడు అద్దెకు దిగినవాళ్లు నెలకు ఎంత కడుతున్నారో కనుక్కోండి.